సంగనకల్లు రాళ్లకు చరిత్ర ఉంది... మరి పెద్దల మాటకు?

సంగనకల్లు గుట్టల మీద వేల ఏళ్ల కిందటి మనుషులు ఏ రాతితో గొడ్డళ్లు చేసుకున్నారో మనకు తెలుసు. బెండపూడి సుబ్బారావు ఇక్కడ తవ్వి చూసి, 1948లో పుస్తకమే వేశారు. అదే 1948లో తుంగభద్ర అవతల నిజాం రాజ్యంలో జనం రాత్రిళ్లు ఎక్కడ తలదాచుకున్నారు, ఏం తిని బతికారు? ఇది రాసిపెట్టినవాళ్లు తక్కువ.

అప్పుడు బళ్లారి మద్రాసులో ఉండేది. ఏరు దాటితే నిజాం ఏలుబడి. రజాకార్లకు భయపడి ఎన్నో కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని సరిహద్దు దాటాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం లోపలికెళ్లింది. 17న నిజాం లొంగిపోయాడు. బడి పుస్తకంలో కథ అక్కడితో సరి. ఊళ్లల్లో మాత్రం అయిపోలేదు. గుల్బర్గా, బీదర్, ఉస్మానాబాద్, నాందేడ్ జిల్లాల్లో ముస్లిం కుటుంబాల మీద దాడులు జరిగాయి. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. తెలంగాణలో 1951 అక్టోబరు దాకా పోరు సాగింది. రాత్రి దళానికి అన్నం పెడితే తెల్లారేసరికి వాకిట్లో పోలీసులు!

ఇప్పుడు ఏటా సెప్టెంబరు 17న జెండాలెగురుతాయి. విమోచనమా, విలీనమా అని నేతలు తగువు పడతారు. ఆ రోజుల్లో బతికినవాళ్లను అడిగేవాళ్లే లేరు. పాత గాయాలు కెలకడమెందుకంటారు కొందరు. రజాకార్ల చేతిలో నష్టపోయిన ఇల్లు, ఆ తర్వాతి దాడుల్లో నష్టపోయిన ఇల్లు, రెండూ చెప్పాలి. ఒక్కటే చెబితే అది రాజకీయమవుతుంది.

చేయాలనుకుంటే దారి ఉంది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న మహిళల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో పుస్తకం చేసింది. చంటిబిడ్డను దూరం చేసుకుని అడవి పట్టిన తల్లి గోడు అలాగే మనదాకా వచ్చింది.

1948లో నిజాం ఏలుబడిలో లేని బళ్లారి కూడా 371(జె)తో కల్యాణ కర్ణాటకలో చేరింది. సౌకర్యాలు పంచుకుంటున్నప్పుడు జ్ఞాపకాలూ పంచుకోవాలి కదా! అప్పటి పదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది. డిగ్రీ కాలేజీల పిల్లలు సెల్‌ఫోన్లు పట్టుకుని ఏటికి రెండువైపులా ఊళ్లకు వెళ్లాలి. తెలుగు, కన్నడం, ఉర్దూ, ఎవరి నోట ఏ మాటొస్తే ఆ మాటలోనే రికార్డు చేయాలి. సంగనకల్లు రాళ్ల కోసం బళ్లారిలో మ్యూజియం ఉంది. అందులో ఒక గది ఈ మాటలకూ ఇస్తే చాలు.