ఉమ్మడి పెట్టుబడి – ఉమ్మడి పూచీ

పర్లాకిమిడి నుండి నౌపడకు పోవు రైలుబాటను ఎరుగనివారు మన ప్రాంతమున లేరు. 2003లో నేను ఉపాధ్యాయ శిక్షణకై పొరుగు రాష్ట్రమునకు పోవునాటికి ఆ బాటపై ఇంకను చిన్నబండియే నడచుచుండెను. ఎడ్లబండితో పందెము వేసినచో ఏది గెలుచునో యని తోటి ప్రయాణికులు నవ్వుకొనెడివారు. అయినను అది లేకున్న మావంటి వారికి పైచదువు దుర్లభమయ్యెడిది.

ఆ బాటను గజపతి రాజావారు ప్రభుత్వానుమతితో తమ సంస్థానపు ధనము వెచ్చించి వేయించిరి. 1900లో బండి నడచినది. తొలి యేండ్లలో నష్టమే మిగిలినను బండి ఆగలేదు. పిదప బాట గుణుపురము దాక సాగినది. 2004లో చిన్నబండి నిలిచిపోయి, 2011 నాటికి రైల్వేశాఖ ప్రయత్నమున పెద్దబండి గుణుపురము చేరినది. సంస్థానపు ధనము రైతుల శిస్తే గదా యని ఎవరైన అడుగవచ్చును. నిజమే. కాని పెట్టుబడి పెట్టినవారే నష్టమునకును పూచీపడిరి.

అంతకు ముందటి పద్ధతి వేరు. 1849లో ఈస్టిండియా కంపెనీ లండను నగరపు రైలు కంపెనీలతో ఒడంబడికలు చేసికొన్నది. భూమి ఉచితము, పెట్టుబడిపై నూటికి 5 వంతుల వడ్డీకి హామీ. రాబడి చాలనిచో లోటును మన దేశపు ఖజానా పూడ్చవలెను. ఇక పొదుపుగా కట్టవలెనను చింత కంపెనీలకేల? రైళ్లు వచ్చినవి, నిజమే. కాని లాభము వాటాదారునకును, నష్టము పన్ను కట్టువానికిని దక్కినవి.

నేడు రోడ్లకు, రేవులకు ప్రభుత్వము ప్రైవేటు సంస్థలతో చేయి కలుపుచున్నది. రాబడి చాలని పనులకు వ్యయములో నూటికి 20 వంతుల దాక కేంద్ర సహాయమిచ్చు పథకము 2005–06లో వచ్చినది. జాతీయ రహదారులలో 2016 నుండి మరియొక పద్ధతి కలదు: ప్రభుత్వము 40 వంతులు కట్టుచుండగనే ఇచ్చును, సంస్థ తెచ్చిన తక్కిన 60 వంతులను ఏండ్ల తరబడి వాయిదాలుగ తీర్చును.

నేను ఈ పద్ధతికి విరోధిని కాను. ఖజానా నిండువరకు వేచియుండుమనిన, మన పిల్లలు బురదదారులనే బడికి నడువవలసి వచ్చును. కాని రద్దీ యున్నచోటికే ప్రైవేటు ధనము పరుగెత్తును; రెండు రాష్ట్రముల అంచున నున్న మన పల్లెలకు అది తనంత తాను రాదు. కావున ప్రభుత్వ సహాయము ఇట్టి అంచులకే ముందు చేరవలెను. ప్రతి ఒడంబడికను మూడు ప్రశ్నలడుగవలెను: నష్టము వచ్చినచో భరించునదెవరు? సుంకము చెల్లించునదెవరు? ఎన్నేండ్లు?

తల్లిదండ్రులారా, ఈ ప్రశ్నలు గ్రామసభలలో అడుగుడు. విద్యార్థులారా, సర్కారు ప్రకటనలు మన తెలుగులో రావు. ఒడియాలో, ఆంగ్లములో వచ్చును. ఇంటిభాషను ప్రాణముగ కాపాడుకొనుచునే ఆ రెండింటిని గూడ శ్రద్ధతో నేర్వుడు. చదువలేని ఒడంబడికలో మన వాటా ఎంతయో మనకు తెలియదు. తెలియని వాటాను అడిగి తీసికొనుట ఎవరికిని సాధ్యము కాదు.