వానలెక్కయు, డ్యాము మట్టమును

హింగారు విత్తుటకు ముందు రైతు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్నలు రెండు కలవు. మన చేనిలో ఎంత వాన పడినది? మన కాలువకు నీరిచ్చు డ్యాములో ఎంత నిలువయున్నది? ఈ రెంటికిని అంకెలతో జవాబు చెప్పగలవారు మన అనంతపురసీమలో మిక్కిలి తక్కువ. "ఈ తూరి వాన బాగున్నది" అనువారును, "డ్యాము నిండినదట" అనువారునే ఎక్కువ. ఇట్టి మాటను నమ్మి విత్తనమునకు అప్పు చేయుట ఎంత కష్టమునకు దారితీయునో, సహకార సంఘముల పద్దులు చూచినవారికి వేరుగ చెప్ప నక్కరలేదు.

మన సీమకు సంవత్సరమునకు పడవలసిన వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, అనగా చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ మొదలగు కార్తెలలో, ఈశాన్య ఋతుపవనము తెచ్చునది సుమారు 150. నల్లరేగడిలో పప్పుశనగ వేయువారికి ఈ చలికాలపు వానయే ఆధారము. డ్యాము నీటి సంగతి వేరు. తుంగయు, భద్రయు పడమటి కనుమలలో పుట్టినవి. అచట జూన్ మొదలు ఆగస్టు వరకు కురిసిన వానయే ప్రధానముగ హోస్పేట వద్ద నిలుచును. కావున మన చేనిని తడుపు మేఘము వేరు, మన కాలువను నింపు మేఘము వేరు. ఒకటి కరుణించినచో రెండవదియు కరుణించునను నమ్మకము లేదు.

2014 మొదలు 2018 వరకు గడచిన కాలము ఇందుకు నిదర్శనము. ఆ యేండ్లలో మన జిల్లాలో కరవు మండలముల ప్రకటన పలుమారు వెలువడినది. 2016లో తుంగభద్ర డ్యాము నిండలేదు. రాయలసీమలో ఈశాన్యపు వానయు సగమైనను పడలేదు. 2018లో జూలై నెలలోనే డ్యాము నిండి గేట్లెత్తిరి. దానిని చూచి ఊరట చెందినవారు పెక్కుమంది. కాని ఆ యేడును ఈశాన్యపు వాన సగమునకు రాలేదు. కాలువ లేని మెట్టరైతునకు నిండిన డ్యాము ఏమి మేలు చేసినది?

డ్యాము మట్టమును చదువుటలోను జాగ్రత్త వలయును. తుంగభద్ర పూర్తి మట్టము 1,633 అడుగులు. 1953లో ఆ మట్టమునకు 133 టి.ఎం.సి.ల నీరు పట్టునని లెక్క, ఒక టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. పూడిక చేరుటచే 2016 కొలతలో అది సుమారు 105.8కి దిగినది. అనగా గీత అదియే, నీరు మాత్రము అయిదవ వంతు తగ్గినది. మరియు జలాశయము పైకి వెడల్పు, అడుగున ఇరుకు. కావున పైనున్న అడుగులో పట్టునంత నీరు క్రిందియడుగులో పట్టదు. "ఎన్ని అడుగులు?" అని కాక "ఎన్ని టి.ఎం.సి.లు?" అని అడుగుట మేలు. నిండిన పిదపనైనను నిశ్చింత లేదని 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు మనకు తెలిసినది. ఎగువ కాలువకు 32.5 టి.ఎం.సి.ల వాటా కలదు. అయినను నిలువ తగ్గిన యేట ఆ వాటాయు తగ్గును. ఆ తగ్గుదల మొదట తగులునది కాలువ చివరి ఆయకట్టునకే.

ఇక వాన. మండల కేంద్రములో కొలిచినది మండలమంతటికిని వర్తించునని తలచుచున్నారు. కాని వంకకు ఈవలి చేను తడిసి, ఆవలి చేను ఎండియుండుట మనము కన్నులార చూచినదే. అందుచే ప్రతి పల్లెకును ఒక వానమాని యుండవలెను. దానిని చెట్లకును, గోడలకును వాని ఎత్తునకు రెండింతల దూరమున నిలిపి, ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు చూచి వ్రాసిన చాలును. ఎకరము నేలపై ఒక్క మిల్లీమీటరు వాన పడిన నాలుగువేల లీటర్ల నీరు పడినట్లు. ఈ లెక్క తెలిసినవాడు తుంపరకును, పదునువానకును గల భేదమును మరువడు.

"వ్రాసినంత మాత్రమున వాన కురియునా?" అని కొందరడుగవచ్చును. కురియదు. కాని కురియని వానను నమ్మి విత్తుట తప్పును. ఇది వట్టి మాట కాదు. 2000 తరువాతి దశాబ్దమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చేయూతతో, అనంతపురముతో కూడ ఏడు కరవు జిల్లాలలో రైతులే వానను, బావుల నీటిమట్టమును కొలిచి, హింగారునకు ముందు ఊరి నీటి ఆదాయవ్యయములను లెక్కవేసిరి. చదువురాని వారును అందులో పాల్గొనిరి. నీరు చాలదని లెక్క తేలినచోట వరిని తగ్గించి ఆరుతడి పైరులకు మరలినవారు కలరు.

కావున మా సూచన యిది. ప్రతి సంఘమును తన వాకిట ఒక నల్లబల్ల నిలుపవలెను. దానిపై నాటి వాన, ఆ కార్తె మొత్తము, డ్యాము నిలువ, కాలువకు వదలిన నీరు వ్రాయవలెను. డ్యాము లెక్క తుంగభద్ర బోర్డువారు దినదినము ప్రకటించుచునే యున్నారు. స్వాతి కార్తె ముగియకమునుపు సభ్యులు కూడి ఆ బల్ల ఎదుటనే పైరును, అప్పును నిర్ణయించుకొనవలెను. నీరు చాలదని బల్ల చెప్పినప్పుడు వరికిగాని, క్రొత్త బోరునకుగాని అప్పు అడుగువానికి నచ్చజెప్పు ధైర్యము పాలకవర్గమునకు ఉండవలెను. అది కఠినమని తోచవచ్చును. కాని తీర్చలేని అప్పును చేతిలో పెట్టుట అంతకంటె కఠినము.

ఒక వానమాని, ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క: ఖర్చు స్వల్పము. దినమునకొక నిమిషము శ్రద్ధ వహింపగల సభ్యుడు ప్రతి పల్లెలోను దొరకుననియే మేము నమ్ముచున్నాము.