ఆరో తరగతి పిల్లకు బడిలో ఒక చోటు

బడులు తెరిచిన మొదటి వారంలో మిర్యాలగూడ పక్కన ఒక హైస్కూలుకు వెళ్లాను. ఆరో తరగతి గది గుమ్మం దగ్గర సన్నటి పిల్లగాడు నిలబడి, గోడకు అంటించిన టైంటేబుల్ మీద వేలు పెట్టి చదువుకుంటున్నాడు. యూనిఫాం చొక్కా మోచేతుల దాకా దిగింది. నన్ను చూసి సారనుకున్నాడు.

"సార్, ఇప్పుడు హిందీ సార్ వస్తడా, లెక్కల మేడం వస్తదా?"

నేను ఈ బడి సారును కాదన్నాను. వాడు మళ్లీ కాగితం వైపు తిరిగి, "మా ఊళ్లె అన్నిటికీ ఒక్క మేడమే ఉండె" అన్నాడు.

ఆ ఒక్క మాటలో వాడి బెంగంతా ఉంది. ఐదో తరగతి దాకా పిల్లలకు బడి అంటే ఒక మనిషి. ఆ మేడంకు వాడి పేరు తెలుసు, వాళ్లమ్మ తెలుసు, ఏ రోజు అన్నం తినకుండా వచ్చాడో తెలుసు. ఆరో తరగతిలో బడి అంటే ఆరు సబ్జెక్టులు, గంట కొట్టగానే మారిపోయే ముఖాలు. హిందీ అక్షరాలు మొదలయ్యేది ఇక్కడే. పాత బడిలో వాడే అందరికంటే పెద్ద. చాక్‌పీసులు తెచ్చేది, గంట కొట్టేది, ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించేది, చిన్న పిల్లలను వరుసలో కూర్చోబెట్టి అన్నం పెట్టించేది ఐదో తరగతి వాళ్లే. ఏప్రిల్‌లో పెద్దన్నగా ఇంటికి పోయినవాడు జూన్‌లో అందరికంటే చిన్నవాడై తిరిగొస్తాడు. చేతిలో పని లేదు, పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు.

మధ్యాహ్న భోజనంలో ఒక్కో పిల్లకు ఇచ్చే బియ్యం ఐదో తరగతి దాకా 100 గ్రాములు, ఆరు నుంచి 150 గ్రాములు. ఈ వయసులో ఆకలి పెరుగుతుందని తెలిసే ఆ కొలత పెట్టారు. తనకంటూ ఒక పని, ఒక జట్టు కావాలన్న ఆకలి కూడా ఈ వయసులోనే పెరుగుతుంది. అది తీర్చే ఏర్పాటు గురించే ఈ వారం నా మాట.

నేను ఐదు చదివింది కోదాడ వైపు మా ఊరి బడిలో. ఆరుకు పక్క ఊరి హైస్కూలుకు నడిచి పోవాలి. మొదటి నెలంతా వెనక బెంచీలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఏ సారూ తిట్టలేదు, కొట్టలేదు. అసలు ఎవరూ పిలవలేదు. ఒకరోజు ఆటల పీరియడ్‌లో డ్రిల్లు సారు నా చేతిలో వాలీబాల్, పంపు పెట్టి, "గాలి కొట్టరా. రోజూ ఇది నీ పని" అన్నాడు. సూదిని నాలుకతో తడిపి బంతిలోకి దింపడం, పది దెబ్బలు కొట్టి బొటనవేలితో నొక్కి చూడటం, మెత్తగా ఉంటే ఇంకో నాలుగు కొట్టడం నేర్చుకున్నాను. పాత తోలు వాసన ఇప్పటికీ గుర్తుంది. పదో తరగతి అన్నలు "బంతి పిల్లగాడు యాడ?" అని నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. నేను గొప్ప ఆటగాణ్ని కాలేదు. కానీ ఆ రోజు నుంచి బడి ఎగ్గొట్టలేదు. బడిలో నాకొక చోటు దొరికింది.

నలభై ఏళ్లుగా ఆ పంపు గురించి ఆలోచిస్తున్నాను. ఆటలు, గోడపత్రిక, స్కౌట్స్, తోటపని, నాటకం చదువు పక్కన నంజుకోవడానికి పెట్టే పచ్చడి కాదు. కొత్త పిల్లను బడికి కట్టిపడేసే ముడి అదే. ఆ ముడి పడాల్సింది ఆరో తరగతిలోనే.

చట్టం ఈ మాట ఎప్పుడో ఒప్పుకుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదిలో 220 పనిదినాలు, 1000 గంటల బోధన ఉండాలంది. ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామాను, కథల పుస్తకాలున్న గ్రంథాలయం ఉండాలంది. ఆ మూడు తరగతుల్లో పిల్లలు వందకు మించితే చిత్రకళకు, వ్యాయామానికి, పని విద్యకు విడిగా బోధకులుండాలంది. మన నిరంతర సమగ్ర మూల్యాంకనంలో కళలకు, పని విద్యకు, విలువలకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు రికార్డులో గడులు గీసే ఉన్నాయి. వాటిల్లో గ్రేడ్లు కూడా పడుతున్నాయి. ఏడాది పొడవునా ఒక్క బొమ్మ వేయించని తరగతికి ఏప్రిల్‌లో చిత్రకళ గ్రేడు రాసే టీచరు మనసులో ఏముంటుందో నాకు తెలుసు. లెక్కల సిలబస్ మిగిలిపోతే మొదట పోయేది ఆటల పీరియడే. పరీక్షలు దగ్గరకొస్తే లైబ్రరీ పీరియడ్ కూడా పోతుంది. వ్యాయామ టీచరు లేని బడిలో ఆ పీరియడ్ టైంటేబుల్ కాగితం మీద మాత్రమే ఉంటుంది.

ప్రైవేటు బడుల్లో ఇంకో కథ. సూర్యాపేటలో, కోదాడలో అంతస్తుల మీద అంతస్తులు వేసిన అద్దె భవనాల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. మొన్న కోదాడలో ఒక లారీ డ్రైవర్ నన్ను సూటిగా అడిగాడు: "ఆటలాడితే ఏమొస్తది సార్? ఆటకు మార్కులుంటయా?" అతని ప్రశ్నలో తప్పు లేదు. రాత్రింబగళ్లు హైవే మీద బండి నడిపి ఫీజు కడుతున్న తండ్రి అతను. నేను చెప్పిన జవాబు ఇది: అన్నా, ఆటకు మార్కులుండవు. కానీ మీ బిడ్డ తొమ్మిదో తరగతిలో చదువు బరువై మూలన కూర్చున్న రోజున లేపి నిలబెట్టేది ఆరో తరగతిలో దొరికిన జట్టే.

సూర్యాపేట చౌరస్తాలో కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఉంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ప్రాణమిచ్చిన మన ఊరి బిడ్డ. ఆయన విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరింది ఆరో తరగతిలోనే. సైనిక్ స్కూల్లో పొద్దున వ్యాయామం, సాయంత్రం ఆట అన్నం తిన్నంత మామూలు. వాటిని ఎవరూ లెక్కల క్లాసుగా మార్చరు. ఆ విగ్రహానికి దండ వేసే ప్రతి చేయీ, ఆ వయసులో ఆయనకు దొరికిన ఆ గంటను మన ఊరి పిల్లలందరికీ ఇవ్వడానికి కూడా కదలాలి.

డబ్బు ఖర్చు లేకుండా అయ్యే పనులు చాలా ఉన్నాయి. ప్రాజెక్టు పని సంగతే తీసుకోండి. ఫార్మేటివ్ పరీక్షల్లో దానికి మార్కులున్నాయి కాబట్టి పిల్లలు నెట్ సెంటర్‌కు పోయి నాలుగు రంగుల కాగితాలు ప్రింటు తీయించుకుని అట్టకు అంటించి ఇస్తున్నారు. మిర్యాలగూడ పిల్లల కళ్ల ముందు ఎన్నెన్ని రైసు మిల్లులు! ఒక బస్తా వడ్లు లోపలికి పోతే బియ్యం ఎంత వస్తుంది, నూక ఎంత, తవుడు ఎంత, ఊక ఎంత, ఆ ఊక బాయిలర్‌లో ఏమవుతుంది, ఆ బూడిద ఎక్కడికి పోతుంది? తూకం వేసి రాస్తే అది లెక్కలూ అవుతుంది, సైన్సూ అవుతుంది. కోదాడ పిల్లలు తాతలను అడగొచ్చు: 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదలకముందు మన చెలకల్లో ఏం పండేది, ఎడమ కాలువ వచ్చాక ఏం మారింది? సూర్యాపేట పిల్లలకు ఊరి పక్కనే పిల్లలమర్రి ఉంది. కాకతీయుల కాలంలో రేచర్ల వంశం వాళ్లు కట్టించిన గుడుల ముందు శాసనాలు నిలబడి ఉన్నాయి. జిల్లాలోని ఫణిగిరి గుట్ట మీది బౌద్ధ శిల్పాలను 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా తీసుకెళ్లి ప్రదర్శించారు. మన పిల్లలు ఆ గుట్ట ఎక్కాలి కదా. నూతన విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 10 రోజులు సంచీ లేకుండా బడికి రమ్మంటోంది. ఆ పది రోజుల్లో ఒక్కటి మిల్లుకు, ఒక్కటి కాలువకు, ఒక్కటి గుట్టకు ఇవ్వండి.

అక్కడ చూసిందే గోడపత్రిక అవుతుంది. నిజాం పాలనలో, తెలుగు చదువే కరువైన రోజుల్లో, 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక నడిపారు. ఆ గడ్డ మీద పుట్టిన పిల్లలకు ఒక డ్రాయింగ్ షీటు, స్కెచ్ పెన్నులు, చిటికెడు ధైర్యం ఇస్తే చాలు. పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు అర్హత మొదలయ్యేది ఆరో తరగతి నుంచే. ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు. చాలా బడుల్లో అది తొమ్మిదో తరగతి అన్నల సంగతే అనుకుంటారు. ఆరు వాళ్లనూ అడగండి.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. ఒక సాయంత్రం సూర్యాపేట వైపు ఒక హైస్కూలు గ్రౌండులో ఖోఖో సాధన చూశాను. ఆరో తరగతి పిల్ల ఒకతి చున్నీ నడుముకు బిగించి గీత దగ్గర కూర్చుంది కానీ, కళ్లు గేటు మీదే ఉన్నాయి. "బస్సు పోతే మల్ల చీకటైనంకనే సార్" అంది. ఆట సగంలో ఉండగానే సంచీ భుజాన వేసుకుని ఉరికింది. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సులో ఆడపిల్లలకు టికెట్ లేదు. అది నిజంగా మేలు. కానీ తండాకు పోయే పల్లెవెలుగు బడి వదిలిన గడియకే కదిలితే ఆ పిల్లకు ఆట దక్కదు. ఇంకో ఏడాదిలో ఆమె శరీరం మారుతుంది. మరుగుదొడ్డిలో నీళ్లు లేకపోతే, ప్యాడ్లు దాచి పెట్టుకునే చోటు లేకపోతే గ్రౌండుకు రావడం మానేస్తుంది. అప్పుడు "ఆడపిల్లలకు ఆటల మీద ఆసక్తి లేదు" అని మనమే రాసేస్తాం. ఆసక్తి లేక కాదు. బస్సు టైమూ, నీళ్ల ట్యాంకూ కలిసి ఆమెను బయటికి పంపించాయి.

అందుకే నా మొదటి కోరిక: ఈ పనులన్నీ బడి వేళల్లోనే జరగాలి, చివరి గంట తర్వాత కాదు. జపాన్‌లో పన్నెండేళ్ల పిల్లలు చాలామంది మిడిల్ స్కూల్లో చేరగానే ఏదో ఒక క్లబ్బు ఎంచుకుంటారు, సాయంత్రాలు అక్కడే గడుపుతారు. మన తండా పిల్లకు ఆ సాయంత్రం లేదు. ఆమెకు మధ్యాహ్నం ఒక గంట ఇవ్వండి.

రెండోది హెడ్మాస్టర్లకు. దసరా సెలవులు ఇచ్చే లోపు ఆరో తరగతిలో ప్రతి పిల్ల పేరు ఎదురుగా ఒక పని రాయండి. లైబ్రరీ బీరువా తాళం ఒకరికి, మొక్కలకు నీళ్లు ఒకరికి, ప్రార్థనలో వార్తలు ఒకరికి, కబడ్డీ కోర్టు గీతలకు సున్నం ఒకరికి, బతుకమ్మకు పూల జాబితా ఒకరికి. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లకు తండా పాటలు రాసి పెట్టే నోటుబుక్కు ఇవ్వండి. తెలుగు పాఠం చదవడానికి జంకే ఆ పిల్ల, ఆ నోటుబుక్కు పట్టుకున్నప్పుడు తరగతికే పాఠం చెబుతుంది. పేరు రాయని పిల్ల ఒక్కరు మిగిలినా జాబితా పూర్తి కానట్టే.

మూడోది తల్లిదండ్రులకు. బడికి పోయినప్పుడు మార్కులు ఎన్ని అని అడగండి, తప్పు లేదు. ఆ తర్వాత ఇంకొక్కటి అడగండి: "మా బిడ్డకు బడిలో ఏం పని ఇచ్చిండ్రు సార్?"

బతుకమ్మ పండుగకు ముందు మళ్లీ ఆ మిర్యాలగూడ హైస్కూలుకు వెళ్తాను. టైంటేబుల్ మీద వేలు పెట్టి చదివిన ఆ పిల్లగాణ్ని వెతుకుతాను. ఏ సార్ వస్తాడో వాడికి ఇప్పటికి తెలిసే ఉంటుంది. వాడి కోసం ఎవరైనా వెతుక్కుంటూ వస్తున్నారా అన్నదే నేను చూడాలి.