అన్నీ తేనెటీగలే అనుకుంటే ఎలా?

గుమ్మడి పాదు నిండా పూత ఉంటుంది. పిందెలు మాత్రం పచ్చబడి రాలిపోతుంటాయి. తెగులేమోనని మందుల కొట్టుకు పరిగెత్తుతాం. చాలాసార్లు అసలు లోటు వేరే ఉంటుంది. గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కనుక గాలికి ఎగరదు. తేనెటీగలే మోయాలి.

గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండం. అక్కడ ఈ పువ్వుల్నే నమ్ముకున్న ఒంటరి తేనెటీగ ఒకటుంది. దానికి పట్టు లేదు, రాణి లేదు, తేనె కూడబెట్టదు. ఆడ ఈగ గుమ్మడి చేలోనే బొరియ తవ్వి, జానెడు లోతున గుడ్లు పెడుతుంది. పిల్లలకు గుమ్మడి జాతి పుప్పొడే తిండి. ఈ వంశంలో మగవాటికి తల మీద మీసాలు పొడుగు. అందుకే 'పొడుగు మీసాల తేనెటీగలు' అంటారు.

థామస్ సే అనే శాస్త్రజ్ఞుడు దీన్ని మొదట వర్ణించాడు; ఆ వర్ణన 1837లో అచ్చయింది. తర్వాత పెపోనాపిస్ అన్నారు. 2018లో యూసెరాలో కలిపారు. 2023లో జన్యువులు పరిశీలించి జెనోగ్లోసాలో చేర్చారు. 'పేర్లు మార్చుకుంటే రైతుకేం ఒరిగింది?' అనొచ్చు. నా లెక్కలో ఒరుగుతుంది. ఏది ఏ వంశమో, ఎక్కడ కాపురముంటుందో విడదీసి చూడకపోతే మందు దేన్ని చంపుతోందో తెలియదు.

పురుగుమందుల పరీక్షల్లో కొలమానం సాధారణంగా పెట్టెల్లో పెంచే తేనెటీగే. అది మట్టిలో కాపురముండదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ప్రచురించిన ఫలితాలు చూడండి. విత్తేటప్పుడు మట్టికి ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చిన చోట గుమ్మడి తేనెటీగల గూళ్లు 85 శాతం, పిల్లలు 89 శాతం తగ్గిపోయాయి.

ఆ ఈగ మన దగ్గర లేదు. కానీ నేలలో గూడుకట్టే నీలి చారల తేనెటీగలున్నాయి. ఇమిడాక్లోప్రిడ్ వాడకమూ ఉంది. కాబట్టి మట్టిలో ఉండే ఈగల మీదా మందుల్ని పరీక్షించాకే సిఫారసు చేయాలని అధికారుల్ని అడగాలి. అందాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. గట్టు పక్కన కాస్త నేల దున్నకుండా వదలండి. పువ్వు విచ్చుకుని ఉండే ఉదయం పూట మందు కొట్టొద్దు. తప్పనిసరైతే పువ్వులు ముడుచుకున్నాక, సాయంత్రం కొట్టండి. మట్టికి మందూ అవసరముంటేనే.

రేపు పిందెలు ఎవరు రాల్చారంటే, గుమ్మడికాయల దొంగలా మనమే భుజాలు తడుముకునే గతి పట్టకూడదు.