ఒక్క డిలాన్... ఆరుగురు నటులు!

ప్రముఖుల జీవితకథతో సినిమా అంటే ఓ వరస ఉంటుంది. బాల్యం, కష్టాలు, కీర్తి, చివర్లో చప్పట్లు. అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ మీద దర్శకుడు టాడ్ హేన్స్ 2007లో తీసిన 'అయామ్ నాట్ దేర్'లో ఆ వరస కనిపించదు. అసలు డిలాన్ అనే పేరున్న పాత్రే లేదు! ఆయన జీవితంలోని ఒక్కో దశకీ ఒక్కో పాత్ర, ఒక్కో పేరు. నటులు ఆరుగురు. వాళ్లలో ఒకరు నల్లజాతి కుర్రాడు, మరొకరు మహిళ. జానపద బాణీ వదిలి ఎలక్ట్రిక్ గిటార్ పట్టినందుకు అభిమానులే ఈసడించిన రోజుల డిలాన్‌ని గుర్తుచేసే పాత్రలో నటించిన కేట్ బ్లాంచెట్, వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు అందుకుంది.

ఆల్బమ్‌దీ అదే దారి. రెండు సీడీలు, 34 పాటలు. డిలాన్ గొంతు వినిపించేది ఒక్కదాంట్లోనే. మిగతావన్నీ వేరేవాళ్లు పాడారు. ఆ ఒక్కటీ సినిమాకి పేరిచ్చిన పాట. 1967లో పాడి పక్కనపెట్టేసిన ఆ పాట, నలభై ఏళ్లకు ఈ ఆల్బమ్‌తోనే అధికారికంగా విడుదలైంది.

ఒకే ముఖంతో చెబితే కథ సులువుగా అర్థమయ్యేదే. కానీ పదేపదే మారిపోయిన మనిషి అందులో దొరుకుతాడా? హేన్స్ అనుమానం అదే. డిలాన్ గురించి బొత్తిగా తెలియనివాళ్లకి మాత్రం తికమక తప్పదు. ముందు ఆయన పాటలు నాలుగు విని, ఆ తర్వాత సినిమా చూడండి.