ఇంజను సరే... బ్రేకు ఏదీ?

మిరప తోటకు మందు కొట్టే పవర్ స్ప్రేయరు నుంచి ఇంజను ఊడదీసి సైకిలుకు బిగించాడని ఏటూరునాగారంలో ఒక రైతు కొడుకు మీద అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మా వీధి సంగతే. కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు. వందేళ్ల కిందటి రేసు మోటారు సైకిళ్ల బొమ్మలు ఫోనులో చూసి, అట్లాంటిదే ఇంటి వెనుక చింతచెట్టు కింద తయారు చేస్తున్నాడు. సన్నటి పొడుగాటి ట్యాంకు, దున్న కొమ్ములు కిందికి వంచినట్టు హ్యాండిలు, మడ్‌గార్డులు లేని చక్రాలు. చూపుకు బాగానే ఉంది. తండ్రికి మాత్రం కడుపు మండింది. "నువ్వే చెప్పన్నా, వీన్ని సదివించేది గిందుకేనా?" అని నన్నే నిలదీశాడు.

రైతు సోదరులారా, ఇది ఆ ఒక్క ఇంటి పంచాయితీ కాదు. చేతులు ఊరకుండని పిల్లలున్న ఇంట్లో ఏదో ఒక రూపంలో ఉన్నదే. అందుకే నాకు తోచింది రాస్తున్నాను. పిల్లవాడిని ఆపకండి. కానీ బ్రేకు చూడకుండా బండిని గడప దాటనివ్వకండి.

ముందు తండ్రి కోపంలోని న్యాయం చెప్పాలి. 2021లో నల్ల తామర పురుగు మిరప రైతులను ఎట్లా నిలువునా ముంచిందో ఎవరూ మరచిపోలేదు. పురుగు కనిపించిన రోజున స్ప్రేయరు చేతిలో లేకపోతే ఎరువు తెచ్చి, కూలి ఇచ్చి పెంచిన తోట ఏమై పోవాలి? నడుస్తున్న సేద్యపు పనిముట్టు మీద చెయ్యి వేయడం తప్పే. సరదా తీర్చుకోవాలంటే పాత ఇనుప సామాన్ల దుకాణంలో మూలన పడ్డ ఇంజను వెతుక్కోవాలి. ఈ మాట అంటే కుర్రాడు తల వంచుకున్నాడు.

అయితే తండ్రి అనుకుంటున్నట్టు ఇది పనికిమాలిన పిచ్చి కాదు. అసలు మోటారు సైకిలు పుట్టిందే ఇట్లా. అమెరికాలోని మిల్వాకీలో విలియం హార్లే, ఆర్థర్ డేవిడ్సన్ అనే ఇద్దరు యువకులు సైకిలు ఫ్రేములో చిన్న ఇంజను పెట్టి 1903 నాటికి నడిపి చూశారు. ఎత్తు ఎక్కాల్సి వస్తే పెడళ్లు తొక్కక తప్పలేదట. మన దగ్గర 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చినప్పుడు వాటికీ పెడళ్లు ఉండేవి. పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ ఇంటికి చేరిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. తొక్కి చూస్తే తెలుస్తుంది ఆ సుఖం!

కుర్రాడిని ఒక ప్రశ్న అడిగాను. ఇంజను నిమిషానికి 5000 తిరుగుళ్లు తిరుగుతుంది కదా, నీ చక్రం ఎన్ని తిరగాలి? నేల మీదనే పుల్లతో లెక్క వేశాడు. 28 అంగుళాల సైకిలు చక్రం ఒకసారి తిరిగితే సుమారు 2.2 మీటర్లు పోతుంది. గంటకు 30 కిలోమీటర్లంటే నిమిషానికి 500 మీటర్లు. అంటే చక్రం 227 సార్లు తిరగాలి. ఇంజను 22 తిరుగుళ్లకు చక్రం ఒక్కటి తిరగాలన్న మాట. అంత తగ్గింపు ఒక్క ఛైనుతో కుదరదు, నడుమ ఇంకో ఇరుసు వేసి రెండు విడతల్లో తగ్గించాలి. ఇది తెలిసిన పిల్లవాడు రేపు పవర్ వీడరు గేరు పెట్టె విప్పినా, గడ్డి కోసే యంత్రానికి పుల్లీ మార్చినా తికమక పడడు. వీడరు ఆగిపోయిన రోజున మెకానిక్కు కోసం మనం ఎన్ని పూటలు ఎదురు చూస్తామో లెక్క వేసుకోండి.

గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లాలో మన్‌సుఖ్‌భాయ్ జగానీ 1994లో బుల్లెట్ మోటారు సైకిలు వెనుక చక్రం తీసేసి, అక్కడ రెండు చక్రాలూ నాగలి పనిముట్లూ తగిలించి దుక్కి దున్నించాడు. మన ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. వీళ్లెవరూ ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కలేదు.

ఇక అసలు సంగతి. కుర్రాడి బండికి ముందు బ్రేకు లేదు. అడిగితే, "పాత రేసు బండ్లకు ఉండదు కాకా" అన్నాడు. నిజమే. అప్పట్లో అమెరికాలో చెక్కలు పరిచిన గుండ్రటి ట్రాకుల మీద పరుగెత్తే బండ్లకు బ్రేకులు పెట్టేవారు కాదు. 1912లో న్యూవార్క్‌లో అట్లాంటి బండి ఒకటి అదుపు తప్పితే నడిపే వాళ్లతో పాటు చూడవచ్చిన జనం కూడా చనిపోయారు. ఆ బండ్లు నడిచింది ట్రాకు మీద. మన బండి నడిచేది 163 జాతీయ రహదారి పక్కన. లారీలున్నాయి, మేకల మందలున్నాయి, పొద్దు గూకితే అడవి జంతువులున్నాయి.

సైకిలు బ్రేకు సైకిలు వేగానికే. గంటకు 15 కిలోమీటర్ల వేగం 45 అయితే ఆపాల్సిన శక్తి మూడింతలు కాదు, తొమ్మిదింతలు. పైగా వాన పడితే ఇనుప రిమ్ము మీద రబ్బరు జారుతుంది. పాత మోపెడు చక్రాలు డ్రమ్ము బ్రేకులతో సహా, ముందు ఫోర్కుతో సహా తెచ్చి వేసుకోవడం మేలు. రూపం కొంచెం చెడుతుంది, చెడనివ్వండి. ఫోర్కుకు అతుకు వెల్డింగు మాత్రం ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. అది విరిగితే పడేది ముఖం మీదనే.

వీపున మోసే స్ప్రేయరు ఇంజనుతో ఇంకో చిక్కుంది. కొన్నిటికి క్లచ్చి ఉండదు, గడ్డి కోసే బ్రష్ కట్టరు ఇంజనుకైతే ఉంటుంది. ఫ్యాను, కవరు అందం కోసం తీసేస్తే వేడికి పిస్టను పట్టేస్తుంది. నేను ఒకప్పుడు కవరు లేకుండా నడిపి ఒక ఇంజను పోగొట్టుకున్నాను.

చట్టం సంగతీ తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం నాలుగు కంటే తక్కువ చక్రాలుండి, ఇంజను 25 సీసీ మించకపోతే అది మోటారు వాహనం లెక్కలోకి రాదు. కానీ మన స్ప్రేయరు ఇంజన్లలో 35 సీసీవి కూడా ఉన్నాయి. అది బిగించి రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా అన్నీ కావాలి. బీమా లేని బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం సొంత జేబు నుంచి కట్టాలి. జేబులో లేకపోతే భూమి అమ్మాలి. ఒక ఎకరం పోగొట్టుకునే సరదా ఎవరికీ వద్దు. సొంత చేను బాటలో, కల్లంలో నడుపుకోమనండి. నెత్తిన హెల్మెట్ అక్కడా ఉండాల్సిందే.

స్ప్రేయరు ఇంజను మళ్లీ స్ప్రేయరుకే చేరింది. మొన్న ఆదివారం తండ్రే కొడుకును వెంట బెట్టుకొని పాత ఇనుము దుకాణానికి పోయాడట. ఇంజను దొరకలేదు గానీ, డ్రమ్ముతో సహా మోపెడు ముందు చక్రం ఒకటి దొరికింది. బేరం ఇంకా తెగలేదు.