గోడల నడుమ చిక్కుకొన్న పిలుపు

సెల్‌ఫోను విద్యార్థిని చెడగొడుతున్నదా, బాగుచేస్తున్నదా అన్న చర్చ ఏటేటా ఏదో ఒక కళాశాల సంచికలో కనిపిస్తూనే ఉన్నది. ఆ చర్చలోనికి నేను దిగబోవుట లేదు. నా ప్రశ్న అంతకంటె చాల చిన్నది. ఫోను మ్రోగవలసిన చోట మ్రోగకపోవుటకు కారణమేమి? దానికి మన చేతిలో నున్న ఉపాయమేమి? ఈ రెండు మాటలు విద్యార్థినీ విద్యార్థులతోను, కమిటీ పెద్దలతోను మనవి చేసుకొనవలెనని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. నేను తెలుగు పాఠం చెప్పుకొనేవాడను. యంత్రశాస్త్రం నా విద్య కాదు. కాని పిలుపు అందకపోతే కలిగే బాధను గ్రహించుటకు యంత్రశాస్త్రం చదువ నక్కరలేదు గదా!

మన కళాశాల పాత భవనం రాతితో, డంగుసున్నముతో కట్టినది. వేసవిలో ఆ గదుల చల్లదనాన్ని మెచ్చుకొనని అతిథి లేడు. ఆ చల్లదనమిచ్చే మందపు గోడలే వెలుపలి టవరునుండి వచ్చే రేడియో తరంగాలను కూడ అడ్డగిస్తున్నవి. క్రొత్తగా కట్టిన హాస్టలు మాటేమందురా, అందులో రాయి లేదు గాని ఇనుపకమ్మీలు గల కాంక్రీటు ఉన్నది, ఫలితం ఒక్కటే. మన దేశంలో 4జి సేవకు వాడే తరంగాలలో 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యము గలవి గోడలను కొంతవరకైనా దాటగలవు. 1800, 2300 మెగాహెర్ట్జ్ తరంగాలు వానికంటె త్వరగా నీరసించిపోతవి.

తరగతి గదిలో ఫోను మ్రోగకపోతే ఉపాధ్యాయునిగా నాకు సంతోషమే. కాని రాత్రి ఎనిమిది గంటలకు హాస్టలు గదిలో నున్న పిల్లకు ఇంటినుండి పిలుపు అందకపోవుట వేరు సంగతి. బాలికల హాస్టలులో రెండవ అంతస్తున ఒక కిటికీ ఉన్నది. సిగ్నలు అక్కడ మాత్రమే దొరుకుతుందని దాని దగ్గర వరుసలో నిలబడతారు. ఎవరి మాటలు వారికే చెందవలసినవి; అక్కడ మాత్రం నలుగురు వింటూ ఉండగా ఇంటి కష్టసుఖాలు చెప్పుకొనవలసి వస్తున్నది. తల్లికి జబ్బు చేసినదన్న కబురు రాత్రంతా ప్రయత్నించినా అందక, తెల్లవారి ఆఫీసు ఫోనుకు వచ్చిన సందర్భం ఈ విద్యాసంవత్సరములోనే జరిగినది. ఆ అమ్మాయి బస్సెక్కేసరికి పదకొండు గంటలయినది.

ఇందుకు ఒక ఉపాయమున్నది. దానిని వైఫై కాలింగ్ అంటున్నారు. దూరాన నున్న టవరుకు బదులు గదిలోనో వరండాలోనో ఉన్న వైఫై పెట్టె ద్వారా ఫోను మాటను పంపుట. వైఫై తరంగాలు 2.4, 5 గిగాహెర్ట్జ్‌లవి. టవరు తరంగాలకంటె గోడలను దాటుటలో ఇవి ఇంకా బలహీనమైనవే కదా అని సైన్సు విద్యార్థి ఎవరైన అడుగవచ్చును. సరియైన ప్రశ్నయే. కాని టవరు ఎక్కడో దూరాన ఉన్నది, పెట్టె నాలుగు గజాలలో ఉన్నది. లోపల నున్నవానికి గోడ దాటే పని ఏమున్నది?

దీనిని వాట్సాప్ పిలుపుతో కలగలిపి మాట్లాడుట చాలమందికి అలవాటయినది. "అది మా దగ్గర ఎప్పటినుండో ఉన్నది సార్" అంటారు. ఆ రెండింటికి ఉన్న తేడా చిన్నది కాదు. వాట్సాప్‌లో పిలువవలెనన్న అవతలివారి ఫోనులో కూడ వాట్సాప్ ఉండవలెను, ఇంటర్నెట్ ఉండవలెను, వారికది వాడుట తెలిసియుండవలెను. వైఫై కాలింగ్‌లో పిలిచేది మామూలు నంబరునుండి, మామూలు నంబరుకే. అవతలివారిది మీటలు నొక్కే పాత ఫోనైనా మ్రోగుతుంది. ల్యాండులైను అయినా మ్రోగుతుంది. పిలుపు వైఫై మీదుగా వచ్చినదన్న సంగతి కూడ వారికి తెలియదు. మన విద్యార్థులలో పల్లెలనుండి వచ్చినవారి ఇండ్లలో నానమ్మ చేతిలో ఉండేది మీటల ఫోనే. మనవరాలు వాట్సాప్‌లో పిలిస్తే ఆమెకు అందదు. ఈ మార్గాన పిలిస్తే అందుతుంది. అవతలినుండి ఆమె మనవరాలి నంబరుకు చేసినా కిటికీ దగ్గర వరుస లేకుండ గదిలోనే మ్రోగుతుంది. నాకు ఈ సౌకర్యంలో అన్నిటికంటె విలువైనదిగా తోచేది ఇదే.

జరిగే పని ఇది. వైఫై దొరకగానే ఫోను ఇంటర్నెట్ మీదుగా తన సంస్థవారి ద్వారం ఒకదానిని వెదకి పట్టుకొంటుంది. సిమ్ కార్డులోని రహస్య సంఖ్యల సాయంతో తానెవరో రుజువు చేసుకొంటుంది. అటుపిమ్మట ఆ ద్వారానికి, ఫోనుకు నడుమ సంకేతలిపితో మూయబడిన ఒక సొరంగమార్గం ఏర్పడుతుంది. మాట ఆ సొరంగంలో నుండి సంస్థవారి కేంద్రానికి చేరి, అక్కడినుండి టవరు ద్వారా వచ్చిన పిలుపు వలెనే ముందుకు పోతుంది. కనుక వైఫై ఎవరిదైనా, దాని యజమాని ఆ సంభాషణను వినలేడు. హాస్టలు వైఫైలో మాట్లాడితే వార్డెనుకు వినబడుతుందేమో అన్న అనుమానం కొందరికి ఉన్నది. దానికి ఆధారం లేదు. కొత్త ఫోనులలో గదిలో మొదలయిన సంభాషణ మెట్లు దిగి వెలుపలికి వచ్చినపుడు తెగకుండ టవరుకు మారుతుంది. సంస్థను బట్టి సంక్షిప్త సందేశాలు కూడ ఈ మార్గాన వస్తవి. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు వచ్చే ఓటీపీ కొరకు మేడ మెట్లు ఎక్కి దిగేవారికి ఇది కొంత ఊరట.

విదేశములలో ఇది కొత్తది కాదు. అమెరికాలో టి-మొబైల్ సంస్థ 2007లోనే వైఫై ద్వారా పిలుపులు ప్రవేశపెట్టినది. 2014లో ఆపిల్ ఫోనులలో ఈ ఏర్పాటు వచ్చిన తర్వాత ఇతర సంస్థలు కదిలినవి. 2015లో బ్రిటనులో ఇ.ఇ. సంస్థ, అదే సంవత్సరం అమెరికాలో ఎ.టి. అండ్ టి. ప్రారంభించినవి. మన దేశంలో ఆలస్యమయినది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి 4జి మీద స్వరాన్ని పంపుట సర్వసాధారణం చేసినదాక ఇందుకు పునాదియే లేదు. ఇంటర్నెట్ టెలిఫోనీకి నియమాలెట్లుండవలెనో టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ 2017 అక్టోబరులో సిఫారసు చేసినది. 2018లో టెలికాం శాఖ లైసెన్సు నిబంధనలు సవరించినది. 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఢిల్లీ ప్రాంతంలో, 2020 జనవరిలో జియో దేశమంతట, ఆ సంవత్సరం డిసెంబరులో వొడాఫోన్ ఐడియా కొన్ని సర్కిళ్లలో ఈ సేవను మొదలుపెట్టినవి. ప్రభుత్వరంగ సంస్థయైన బి.ఎస్.ఎన్.ఎల్. దేశవ్యాప్తంగా 2026 జనవరి 1న ప్రవేశపెట్టినది. నగరములలో ప్రైవేటు సంస్థల చందాదారులు ఆరేండ్ల నుండి అనుభవిస్తున్న సౌకర్యం, మారుమూల పల్లెలలో ఎక్కువగా వాడబడే సంస్థకు చివర దక్కినది. ఎవరికి సిగ్నలు తక్కువో వారికే ఈ మార్గం ఆలస్యంగా తెరువబడుట న్యాయమనిపించుకొనదు.

ఈ సంస్థలు దీనిని ఉచితమని చెప్పుకొంటున్నవి. ప్రత్యేక రుసుము లేదన్నది నిజమే. కాని లెక్క సరిగా చూచుకొందము. గోడల లోపలికి సిగ్నలు తెచ్చి ఇచ్చుట ఎవరి బాధ్యత? నెలనెలా రీచార్జి తీసుకొనేవారిదే. ఆ పనిని మన డబ్బుతో కొన్న పెట్టె, మనము చందా కట్టే తీగ, మన కరెంటు చేస్తున్నవి. రీచార్జి మాత్రం పైసా తగ్గలేదు. అంటే వారి టవరు చేయలేని పనిని మన ఇంటి పెట్టె చేసి పెడుతున్నది. ఉపకారం ఎవరు ఎవరికి చేస్తున్నట్లు? సౌకర్యాన్ని వాడుకొనవద్దని నేననను. వాడుకొంటూనే, హాస్టలు దగ్గర సిగ్నలు లేదన్న ఫిర్యాదును మానకుండ వ్రాతపూర్వకంగా పంపుతూ ఉండవలెనని నా అభిప్రాయం. వైఫై ఉన్నది గదా అని మనము ఊరకుంటే టవరు ఎన్నటికి రాదు.

ఇక ఫోనుల సంగతి. సంస్థ ఒప్పుకొన్నంత మాత్రాన సరిపోదు, ఫోను కూడ ఒప్పుకొనవలెను. ఫోను తయారీదారు, సంస్థ కలిసి పరీక్షించి, సాఫ్టువేరులో ఆ సంస్థ వివరాలు చేర్చిననాడే సెట్టింగులలో వైఫై కాలింగ్ అన్న మీట కనిపిస్తుంది. 2020లో జియో ప్రారంభించినపుడు నూట యాభైకి పైగా రకాల ఫోనులలో పనిచేస్తుందని ప్రకటించినది. ఒకే యంత్రబలం ఉన్న రెండు ఫోనులలో ఒకటి ఆ జాబితాలో ఉండి, ఒకటి లేకపోవుట ఎవరి నిర్ణయమో కొనేవానికి తెలియదు. అంగడిలో కెమెరాను గురించి గంటసేపు చెప్పే అమ్మకందారు ఈ సంగతి చెప్పడు, మనమూ అడుగము. నా స్వంత ఫోను విషయమై ఒక సంస్థ సేవాకేంద్రానికి నాలుగుమార్లు ఫోను చేసితిని. ఒకరు సిమ్ మార్చుమన్నారు, ఒకరు ఫోను మార్చుమన్నారు, మూడవవారు ఇరువది నాలుగు గంటలు ఆగుమన్నారు. ఒక సాఫ్టువేరు నవీకరణ తర్వాత అదే వచ్చి కూర్చున్నది! కనుక విద్యార్థులు ఫోను కొనకముందే తమ సిమ్‌కు ఆ ఫోనులో ఈ ఏర్పాటు ఉన్నదో లేదో అడిగి తెలుసుకొనుట మంచిది. రెండు సిమ్‌లుంటే రెండింటికి వేరువేరుగా మీట నొక్కవలసి ఉంటుంది.

గల్ఫులో పనిచేసే తండ్రులు, అన్నలు పంపిన ఫోనులు మన విద్యార్థుల చేతులలో తక్కువేమీ కాదు. వేరొక దేశపు అంగడి కొరకు చేసిన కొన్ని ఫోనులలో మన సంస్థల వివరాలు ఉండవు; యంత్రం ఖరీదైనదే గాని మీట కనిపించదు. గల్ఫు ప్రస్తావన వచ్చినది గనుక మరొక మాట. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ పిలుపుల వంటివానిపై చాలకాలంగా ఆంక్షలున్నవి. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ పిలుపులపై నిషేధాన్ని సడలించినది. అక్కడివారు మన దేశపు సిమ్‌ను వెంట ఉంచుకొని వైఫై ద్వారా మాట్లాడవచ్చునా అని అడిగేవారున్నారు. అది సంస్థనుబట్టి, పథకాన్నిబట్టి, ఆ దేశపు నియమాలనుబట్టి మారుతుంది, రుసుము పడే అవకాశము కూడ ఉన్నది. అడుగకుండ చేసి బిల్లు చూచుకొని విచారించుటకంటె ప్రయాణానికి ముందే సంస్థను అడుగుట మేలు. అబ్బా గొంతులో "ఖైరియత్" అన్న ఒక్క మాట వినుటకు వారం రోజులు ఎదురుచూచే పిల్లలకు ఇవి చిన్న విషయాలు కావు.

కమిటీ పెద్దలకు నా మనవి ఇది. కళాశాలలో వైఫై ఇప్పటికే ఉన్నది, కాని ఆఫీసుకు, ప్రయోగశాలకు పరిమితమైనది. హాస్టలుకు ఇస్తే పిల్లలు సినిమాలు చూస్తూ కూర్చుంటారన్న భయం పెద్దలకున్నది. ఆ భయాన్ని నేను తీసిపారవేయను. అయితే ఒక సంభాషణకు పట్టే వెడల్పు సెకనుకు వంద కిలోబిట్లకు లోపే. ఒక్క సినిమా చూచుటకు పట్టే వెడల్పులో ముప్పది మంది ఇంటికి మాట్లాడుకొనవచ్చును. సినిమాలకు, ఆటలకు అడ్డుకట్ట వేయదలచినచో వేయవచ్చును. రౌటరును అమర్చేవానితో యు.డి.పి. 500, 4500 అను రెండు ద్వారాలను మాత్రం మూయవద్దని చెప్పవలెను. సొరంగమార్గం వాని గుండానే పోతుంది. చాల విద్యాసంస్థలలో వైఫై బలంగా ఉండి కూడ పిలుపులు పోకుండుటకు కారణం, తెలియక ఆ రెండింటిని మూసివేయుటయే. పేరు, సంకేతపదం అడిగే పేజీ పెట్టినచో, అది పూర్తిచేసేదాక పిలుపు రాదన్న సంగతి కూడ విద్యార్థులకు తెలుపవలెను.

కరెంటు పోతే పెట్టె ఆరిపోతుంది, పిలుపూ ఆగిపోతుంది. పూర్వం ల్యాండులైనుకు ఎక్స్‌ఛేంజినుండే విద్యుత్తు వచ్చేది, చీకటిలో కూడ పనిచేసేది. ఇప్పుడా భాగ్యం లేదు గనుక రౌటర్లకు చిన్న బ్యాటరీ అమర్చుట తప్పనిసరి. అదేవిధంగా 112కు చేసే అత్యవసర పిలుపు వైఫై మీదుగా పోయినపుడు పిలిచినవాడు ఎక్కడున్నాడో టవరు మీద తెలిసినంత నిశ్చయంగా తెలియకపోవచ్చును. హాస్టలు పేరు, వీధి ముందుగా చెప్పుట వార్డెన్లు పిల్లలకు నేర్పవలెను.

భవనములను అందులోని ఫోను, ఇంటర్నెట్ సౌకర్యాన్నిబట్టి అంచనా కట్టి శ్రేణినిచ్చే నియమావళిని నియంత్రణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో వెలువరించినది. కొత్త గ్రంథాలయ భవనానికి నమూనా పటములు గీయబడుతున్న ఈ సమయంలో తీగలకు, పెట్టెలకు గోడలలో చోటు ముందే విడిచిపెట్టుట సులభం. గోడ లేచిన తరువాత పగులగొట్టుట ఖర్చు. హాస్టలు పని అంత పెద్దది కాదు. రెండు అంతస్తులకు నాలుగు పెట్టెలు, ఒక బ్యాటరీ, కొంత తీగ. వేసవి సెలవులలో మొదలుపెట్టినచో జూన్‌లో పిల్లలు తిరిగి వచ్చేసరికి ముగియవచ్చును. ఏ అంతస్తులో ఏ సంస్థ సిగ్నలు ఎంత ఉన్నదో గదిగదికి తిరిగి వ్రాసి ఇచ్చుటకు మా డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థినులు సిద్ధంగా ఉన్నారు. ఆ కాగితాన్ని ఏప్రిల్ సమావేశానికి ముందే సెక్రటరీగారికి అందజేస్తాను.